కొండల్లో వేడినీటి విడిది

ప్రశ్న: జపాన్‌లోని యమనాషి కొండల్లో ఉన్న కెయున్‌కాన్ విడిదిలో ఒక రాత్రి బస చేయాలని ఉంది. అక్కడి స్నానపు పద్ధతులు తెలియక సంకోచిస్తున్నాను. వివరించగలరా?

జవాబు: క్రీ.శ. 705లో మొదలై, ప్రపంచంలోకెల్లా పురాతనమైన హోటల్‌గా 2011లో గిన్నిస్ గుర్తింపు పొందిన ఆ విడిదికి నిస్సంకోచంగా వెళ్లండి. బుగ్గనీటి కొలను ఒళ్లు రుద్దుకోవడానికి కాదు, సేదతీరడానికి. అందుకే ముందుగా పక్కనున్న చిన్న పీట మీద కూర్చుని, సబ్బు నురుగు ఆనవాలైనా మిగలకుండా శుభ్రంగా కడుక్కున్న తర్వాతే, ఒంటిమీద ఏ వస్త్రమూ లేకుండా అందులోకి దిగాలి. స్త్రీ పురుషులకు సాధారణంగా వేర్వేరు ఏర్పాట్లుంటాయి. చిన్న తువ్వాలును నీటికి తగలనీయకుండా మడిచి నెత్తిన పెట్టుకుంటారు. గదిలో ఇచ్చే యుకాతా అనే పలుచని నూలు అంగీని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోండి, ఇది మాత్రం మరవవద్దు. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది మృతులకే. ఇటువంటి విడిదుల్లో రాత్రి భోజనం నిర్ణీత వేళకే వడ్డిస్తారు కనుక చీకటి పడకముందే చేరుకోవడం మంచిది.