చోంగ్ భాషకు బడి ఒక్కటే చాలదు

అడిగిన ప్రశ్న: “థాయ్‌లాండ్‌లో చోంగ్ భాష మాట్లాడేవారు కొన్ని వందల మందే మిగిలారని చదివాను. బడిలో నేర్పిస్తే ఇలాంటి భాషలు బతుకుతాయా?”

బడి ఒక్కదాన్నే నమ్ముకుంటే బతకవు. పుస్తకాలు చదివి ఈ మాట అనడం లేదు. చంథబురి పట్టణంలోని ఒక బడిలో లెక్కల టీచరుగా పనిచేసిన రోజుల్లో కళ్లారా చూసి చెబుతున్నాను.

చంథబురి పేరు మనవాళ్లలో రత్నాల వ్యాపారం చేసేవారికి తప్ప పెద్దగా తెలియదు. వారాంతంలో అక్కడ సంత జరుగుతుంది. కొనేవాళ్లు బల్లల ముందు కూర్చుంటారు, అమ్మేవాళ్లు కెంపులూ నీలాలూ పొట్లాల్లో తెచ్చి చూపిస్తారు. జైపూర్ వ్యాపారులు కూడా కనిపిస్తారు. ఆ సంతలో నాకు హిందీ వినబడింది గానీ చోంగ్ ఎప్పుడూ వినబడలేదు. ఆ భాష వినాలంటే ఖావ్ ఖిచ్చకూట్ కొండల వైపు, ఖ్లోంగ్ ఫ్లూ వంటి ఊళ్లకు వెళ్లాలి. థాయ్‌లు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న జనం చోంగ్‌లు.

నాతో పనిచేసిన ఒక టీచరుది ఆ వైపే. పనసలా ముళ్లుండే దురియన్ కాయల కోతలప్పుడు నన్ను తమ తోటకు తీసుకెళ్లింది. వాళ్ల అమ్మగారిని పిల్లలతో పాటు నేనూ ‘యాయ్’ అనే పిలిచాను, మన అమ్మమ్మ లాంటి పిలుపు అది. చెట్టు మీద ఒకతను కత్తి వెనక్కి తిప్పి కాయను తట్టి, చప్పుడును బట్టి ముదిరిందో లేదో తేల్చి కోస్తున్నాడు. కింద ఇంకొకతను గోనెసంచి చాపి ఒడుపుగా పట్టుకుంటున్నాడు. యాయ్ కాయలు ఏరుతూ తన తమ్ముడితో చోంగ్‌లో మాట్లాడుతోంది. పక్కనే మనవరాలు బడిలో ఇచ్చిన చోంగ్ బొమ్మల పుస్తకం తీసి గడగడా చదివేస్తోంది. యాయ్‌కి చదువు రాదు. అయినా మాటమాటకూ పిల్లను ఆపింది.

ఎందుకో నాకు కాసేపటికి గానీ బోధపడలేదు. చోంగ్‌లో ఒకే అచ్చును నాలుగు రకాల గొంతులతో పలుకుతారు: మామూలుగా, ఊపిరి కలిపి, గొంతు బిగబట్టి, ముందు ఊపిరి వదిలి చివర బిగబట్టి. గొంతు మారితే మాటే మారిపోతుంది. పిల్ల అన్నిటినీ థాయ్ రాగంలో లాగిస్తోంది. యాయ్ ఆ పిల్ల చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టి ఆ మాట మళ్లీ పలికింది. నేనూ అడిగి నా వేళ్లు పెట్టాను. ముడతల చర్మం కింద ముందు గాలి సన్నగా జారింది, వెంటనే లోపల ఏదో బిగిసి శబ్దం తునిగిపోయింది. అది ఏ పుస్తకంలో అచ్చు వేయగలరు? పిల్లకు చాలాసేపటికి పట్టుబడింది, యాయ్ మొహం వెలిగిపోయింది.

ఇంతలో కాయలు కొనే వ్యాపారి లారీ వచ్చింది. అంతే, తోటంతా థాయ్ అయిపోయింది. తూకం, ధర, ఏ కాయ చైనాకు వెళ్తుంది, ఏది వెళ్లదు, అంతా థాయ్‌లోనే. కింది కొమ్మ కాయలు ఇంకా ముదరలేదని యాయ్ తమ్ముడికి చోంగ్‌లో చెప్పింది. ఆయన థాయ్‌లో బదులిచ్చాడు. ఎందుకంటే కోస్తున్నవాళ్లు, మోస్తున్నవాళ్లు ఆ ఇంటి మనవలే. వాళ్లకు చోంగ్ రాదు, పని మాత్రం ఆగకూడదు.

నా అభిప్రాయమంతా ఆ లారీ దగ్గరే స్థిరపడింది. థాయ్‌లాండ్‌లో నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం 1921లో వచ్చింది. 1939లో సియాం పేరు థాయ్‌లాండ్‌గా మార్చాక, అందరూ థాయ్ మాట్లాడటమే దేశభక్తి అన్నారు. ఇవన్నీ చోంగ్‌ను దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ ఒకప్పుడు చోంగ్ జనం అడవిలో యాలకులు సేకరించి రాజుకు పన్నుగా కట్టేవారు. చెట్టు, దారి, జంతువు, వాన, అన్నీ ఆ భాషలోనే నడిచేవి. అడవి పోయి తోటలు వచ్చాయి, తోటకు వ్యాపారి వచ్చాడు. చోంగ్‌లో చేసుకోవలసిన పనే లేకుండా పోయింది.

మహిడోల్ విశ్వవిద్యాలయానికి చెందిన సువిలై ప్రేమ్‌శ్రీరత్ బృందం చోంగ్ పెద్దలతో కలిసి చేసిన శ్రమ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. 2000లో థాయ్ అక్షరాలను సరళం చేసి చోంగ్‌కు లిపి కూర్చారు, ఆ తర్వాత స్థానిక బడిలో పాఠాలు మొదలయ్యాయి. అది లేకపోతే ఆ పిల్ల చేతిలో పుస్తకమే ఉండేది కాదు. అయితే వారానికి ఏ గంటో రెండు గంటలో చెప్పే పాఠం, అమ్మానాన్నలు బేరాలాడే భాష ముందు ఎలా నిలుస్తుంది?

ఈ సందర్భంగా ఇంకో బాధ చెప్పుకోవాలి. 8 కోట్ల మంది మాట్లాడే తెలుగు చచ్చిపోతోందని రోజూ రాసేవాళ్లలో ఎందరికి తెలుసు, చోంగ్‌కు చుట్టమైన భాష మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉందని? మన సవర గిరిజనులు మాట్లాడే సవర, వాళ్ల చోంగ్ రెండూ ఆస్ట్రో ఏషియాటిక్ అనే ఒకే భాషా కుటుంబానివే. మాది పాలకొండ వైపు. వారపు సంతలో సవర వింటూ పెరిగాను. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం, వాడుక తెలుగు గురించి ఉపన్యాసాలు ఇస్తాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టి, ఏళ్ల తరబడి కష్టపడి 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చిన సంగతి ఆ ఉపన్యాసాల్లో నేను ఎప్పుడూ వినలేదు. అది నాకు కడుపుమంట.

సవర మాట్లాడేవారు 2011 జనాభా లెక్కల్లో 4 లక్షలకు పైగా ఉన్నారు, కాబట్టి భయం లేదని కొందరు అంటారు. తల లెక్క చూసి ధైర్యం తెచ్చుకోవడం తప్పు. మా వైపు ఒక ఆసుపత్రిలో జ్వరంతో వచ్చిన సవర తల్లిని, తెలుగులో చెప్పడం రాదా అని చీటీలు రాసే అతను కసురుకోవడం చూశాను. చివరికి ఆమె బాధ ఏమిటో విని డాక్టరుకు చెప్పింది అక్కడ గదులు ఊడ్చే సవర అమ్మాయి. ఆ తల్లి తన పిల్లలతో రేపటి నుంచి ఏ భాష మాట్లాడుతుందో ఊహించడం కష్టం కాదు. నన్ను అడిగితే ముందు ఆ చీటీల కిటికీ దగ్గర సవర వచ్చిన మనిషిని కూర్చోబెట్టాలి, సవర వచ్చినందుకు జీతం ఇవ్వాలి, ఆ ఉద్యోగం మొదట ఊడ్చే అమ్మాయికే ఇవ్వాలి. రేషన్ డిపోలో, బస్టాండులో, తహసీల్దారు కార్యాలయంలో కూడా అలాగే చేయాలి. పాఠ్యపుస్తకాలు దానితో పాటు రావాలి.