సికిల్ సెల్ గర్భిణిని చూసేటప్పుడు: ఏజెన్సీలో చేరిన డాక్టరమ్మకు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

పాడేరు వైపు పీహెచ్‌సీలో చేరావని తెలిసి సంతోషించాను. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తవ్యాధి సికిల్ సెల్ ఉన్న గర్భిణుల గురించి అడిగావు. హిమోగ్లోబిన్ అంకె చూసి తృప్తిపడవద్దనీ, కడుపులో బిడ్డను పోషించే మాయ (ప్లాసెంటా) మీద కన్ను వేసి ఉంచమనీ నా మొదటి మాట.

కొడవలిలా వంగి బిరుసెక్కిన ఎర్రకణాలు, రక్తం నెమ్మదిగా పారే మాయలో చిక్కుకుపోవడం వల్ల దానిలో అక్కడక్కడ భాగాలు చచ్చుబడి బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. తల్లికి బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) దాకా పోవచ్చు, ఒక్కోసారి కాన్పుకు ముందే మాయ విడిపోవచ్చు. తల్లి పైకి కులాసాగానే కనబడుతుంది, చిక్కంతా అక్కడే.

అందుచేత ఇవ్వకూడని కారణమేదీ లేకపోతే 12వ వారం నుంచి రోజూ 75 నుంచి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇవ్వు. వచ్చిన ప్రతిసారీ బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడు. 24వ వారం నుంచి నాలుగు వారాలకొకసారి ఎదుగుదల స్కాన్ తప్పనిసరి. కూలి పోతుందని చాలామంది కొండ దిగరు కనుక, ఆశా కార్యకర్తతో మాట్లాడి స్కాన్ తేదీని సంత రోజుకు కుదిరేలా పెట్టించు.

రక్తహీనత అనగానే ఐరన్ రాసేయడం మన వృత్తిలో పాతుకుపోయిన అలవాటు. ఇక్కడ కణాలు త్వరగా విరిగిపోవడమే కారణం కాబట్టి, లోపం ఉన్నట్టు, ఒంట్లో ఐరన్ నిల్వలను చూపే ఫెర్రిటిన్ పరీక్షలో తేలితేనే ఐరన్ ఇవ్వాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రం రోజూ 5 మిల్లీగ్రాములు ఇవ్వు. సికిల్ సెల్ నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు వాడేవారైతే గర్భం కోరుకోవడానికి మూడు నెలల ముందే నిపుణుల సలహాతో ఆపాలి.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ వల్ల పరీక్షలు విరివిగా జరుగుతున్నాయి, మంచిదే. అయితే తొలి వడపోతకు చేసే సాల్యుబిలిటీ పరీక్ష, ఒక్క లోపపు జన్యువే ఉండి వ్యాధి లేని వాహకురాలికీ రోగికీ ఒకేలా పాజిటివ్ చూపుతుంది. హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష రిపోర్టు లేకుండా ఎవరికీ ముద్ర వేయకు. భర్తకూ పరీక్ష చేయించు. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కంటే తగ్గడం, కడుపు రాయిలా గట్టిపడి రక్తస్రావం కావడం: వీటిలో ఏది కనిపించినా ఆలోచిస్తూ కూర్చోకుండా విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు పంపు. 38 వారాలకు జరిపించే కాన్పు ఎక్కడో ముందే నిర్ణయించి, తగిన రక్తం దొరుకుతుందో లేదో అక్కడివారిని అడిగి కార్డు మీద రాసిపెట్టు.

ఇట్లు,
నీ పాత గురువు