కరోనా టైంలో సెకండ్ హ్యాండ్ కుట్టు మిషన్ కొన్నా, నష్టం చేసింది వైరస్ కాదు, మా భయం

"మహమ్మారి టైంలో సెకండ్ హ్యాండ్ షాపుల్లో వస్తువులు కొనడం సేఫేనా, ఎవరైనా కొన్నారా" అని అడిగారు కదండీ. నేను కొన్నాను. 2020 జూన్‌లో, విజయవాడ వన్‌టౌన్‌లో, ఒక పాత సామాన్ల షాపులో. నల్ల ఉషా కుట్టు మిషన్, కాళ్ళతో తొక్కేది, ఇనప స్టాండుతో సహా 2,800. ఆ మిషన్ వల్ల మా ఇంట్లో ఎవరికీ దగ్గు కూడా రాలేదు, కానీ మేం భయపడి చేసిన పనుల వల్ల మాత్రం మిషన్ పాడైంది, డబ్బులూ పోయాయి. అందుకే నన్నడిగితే సేఫే అంటాను, కాకపోతే మీరనుకునే కారణాలకి కాదు.

అసలు ఎందుకు కొనాల్సొచ్చిందంటే, మా ఆయన ఒక ట్రావెల్స్‌లో డ్రైవరు. మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు కదా, ఆ ముందు రోజు షెడ్డులో పెట్టిన బండి ఆగస్టు దాకా మళ్ళీ బయటికి తీయలేదు. ఏప్రిల్ జీతం లేదు, మేలో సగం అన్నారు, అదీ చేతికి రాలేదు. అదే ఏప్రిల్‌లో గవర్నమెంటు మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచుతామని చెప్పి, కుట్టే పని పొదుపు సంఘాల ఆడవాళ్ళకిచ్చింది. మా సింగ్‌నగర్‌లో ఏ వీధిలోకెళ్ళినా టకటకమని మిషన్ల చప్పుడే. నాకు కుట్టు వచ్చండీ, పెళ్ళికి ముందు మా అమ్మ దగ్గర జాకెట్లు, లంగాలు అన్నీ నేర్చుకున్నా, కానీ మిషన్ లేదు. చేతిలో పని ఉండి మిషన్ లేక పక్కింటి వాళ్ళు కుడుతుంటే కిటికీలోంచి వింటూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. కొత్తది కొందామంటే ఆరు వేల పైమాటే, పోనీ అప్పు చేసైనా తెద్దామంటే షాపులో సరుకు లేదు, లుధియానా నుంచి లారీలు రావట్లేదమ్మా అన్నారు.

పాతది కొంటానంటే మా అత్తగారు ససేమిరా అన్నారు. "ఎవరింట్లో ఎవరు పోతే అమ్మేసుకున్నారో, ఆ గాలి మనింటికెందుకు" అని. ఈ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మనలో పాతవస్తువంటే ఎప్పుడూ చిన్నచూపే, కరోనా వచ్చాక దానికి ఆరోగ్యం పేరు పెట్టుకున్నారంతే. పుట్టిన బిడ్డకి మొదట ఏం తొడుగుతాం? కొత్త బట్ట గరుగ్గా ఉంటుందని పెద్దవాళ్ళ పాత పంచెలోనో పాత చీర ముక్కలోనో కదా చుట్టేది. అంత లేత ఒంటికి పనికొచ్చిన పాతబట్ట, ఇంత ఇనప మిషన్ దగ్గరికొచ్చేసరికి అంటరానిదైపోయిందా? అదే అడిగాను ఆవిడని, రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

సరే, షాపుకి వెళ్ళిన రోజు సంగతి చెప్తా, ఎందుకంటే మొత్తం తప్పు అక్కడే జరిగింది. ఆ పక్క వీధులకి రెడ్ జోన్ అని అడ్డంగా వెదురుకర్రలు కట్టేసి ఉన్నాయి, చుట్టూ తిరిగి వెళ్ళాం. షాపు ఒక సందులో, షట్టరు సగం కిందకి దించి ఉంది, లోపల ఒకే ఒక్క ఫ్యాను, కిటికీ లేదు, ఆ చిన్న గదిలో ఏడెనిమిది మంది జనం. ఒకాయన కూలర్ బేరం ఆడుతున్నాడు, ఇంకొకాయన పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులకి పాత ఫోనుందా అని అడుగుతున్నాడు, అందరి మాస్కులూ గడ్డాల కిందే, అందరూ అరుచుకుంటూ మాట్లాడుతున్నారు. నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డా. షాపాయన మంచిగానే, "కూర్చోండమ్మా, ఓసారి తొక్కి చూసుకోండి, దారం కూడా ఇస్తా" అన్నాడు. నేనేమో ఆ స్టూలు ఎంతమంది కూర్చున్నారో, ఆ చక్రం ఎంతమంది పట్టుకున్నారో అని, "వద్దులే అన్నా, తిరుగుతోందిగా చాల్లే" అనేసి, మా ఆయన్ని డబ్బులిచ్చేయమని, ఐదు నిమిషాల్లో బయటపడ్డా. రూపాయి బేరం ఆడలేదు. మామూలు రోజుల్లో అయితే కేజీ వంకాయలకి కూడా నాలుగు పుచ్చులు ఏరి పక్కన పెట్టే మనిషినండీ నేను.

ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాం. వరండాలో ఎండకి మూడు రోజులు పెట్టాం, ఎవరూ ముట్టుకోవద్దని చుట్టూ సుద్దముక్కతో గీత కూడా గీశాడు మా ఆయన. అప్పట్లో టీవీల్లో తెగ చెప్పేవాళ్ళు కదా, ప్లాస్టిక్ మీద మూడు రోజుల దాకా, స్టీలు మీద రెండు రోజుల దాకా, అట్టపెట్టె మీద ఒక రోజు వైరస్ ఉంటుందని అమెరికాలో ల్యాబులో తేలిందని. సరే, మూడు రోజులు ఆగాం, అక్కడితో వదిలేస్తే ఏ గొడవా లేకపోను. మున్సిపాలిటీ వాళ్ళు రోడ్ల మీద కొడుతున్నారు కదా అని మా ఆయన బ్లీచింగ్ పౌడర్ బకెట్టు నీళ్ళలో కలిపి, మొక్కలకి మందు కొట్టే స్ప్రేతో మిషన్ పైనా కిందా, సూది దగ్గరా, కింద దారం ఆడే షటిల్ లోపలా, స్టాండు సందుల్లో కూడా కొట్టి, ఆరితే బాగా పని చేస్తుందని తుడవకుండా వదిలేశాడు.

పొద్దున లేచి చూస్తే గుండె జారిపోయింది. సూది కింద మెరిసే పలక మీద సింధూరం చల్లినట్టు తుప్పు. మిషన్ ఒంటి మీద బంగారు రంగు పువ్వులుండేవి, ఎన్నేళ్ళ నాటివో, ఒక్కటి కూడా చెరగలేదు అప్పటిదాకా, వాటి మీద తెల్లటి చారలు కట్టేసి గుడ్డతో రుద్దగానే పువ్వులే గుడ్డకి అంటుకొచ్చేశాయి. చక్రం తిప్పితే కిర్రుమని మధ్యలో పట్టేస్తోంది. ఎలాగో నూనె పోసి కుట్టు వేసి చూస్తే కింద దారం పైకి గుత్తులు గుత్తులుగా లేచొస్తోంది. ఆ రోజు నిజంగా ఏడ్చానండీ. ఆ 2,800 నా చెవి దిద్దులు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు.

మా వీధి చివర మిషన్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు, బాబాయ్ అంటాం అందరం. ముక్కుకి తువ్వాలు కట్టుకుని వచ్చి వరండాలోనే కూర్చుని మొత్తం విప్పాడు. షటిల్, బాబిన్ కేసు (కింద దారం చుట్టిన చిన్న చక్రాన్ని బాబిన్ అంటారు, అది పెట్టే ఇనప డబ్బీ) కిరసనాయిల్ గిన్నెలో వేసి నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దుతూ, "ఈ తుప్పు నిన్న పట్టింది తల్లీ, షాపోడిది కాదు, మీదే" అన్నాడు. తర్వాత బాబిన్ కేసు తీసుకుని, అందులో బాబిన్ పెట్టి, దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీశాడు. సర్రున నేల దాకా జారిపోయింది. జేబులోంచి తన కేసు ఒకటి తీసి అలాగే వేలాడదీస్తే సాలీడులా కదలకుండా వేలాడింది, చెయ్యి చిన్నగా ఒక్క కుదుపు కుదిపితే అంగుళం మేర దిగి మళ్ళీ ఆగిపోయింది. "చూశావా, అలా ఆగాలి. నీ దానికి స్ప్రింగు చచ్చిపోయింది. ఇది మాత్రం షాపోడిదే, రెండు నిమిషాలు కూర్చుని తొక్కుంటే అక్కడే తెలిసేది" అన్నాడు. కొత్త బాబిన్ కేసు, సూది కింద పలక, తోలు బెల్టు, ఆయన కూలీ అన్నీ కలిపి 600 దాటింది. అందులో సగం షాపాయన దగాకి, సగం మా బ్లీచింగ్‌కి.

ఇదే నేను చెప్పేది. ఆ షాపులో నన్ను నిజంగా పట్టుకోగలిగింది ఏదైనా ఉంటే అది ఆ కిటికీ లేని గదిలో గాలి, మాస్కుల్లేకుండా అరిచే ఆ ఏడెనిమిది మంది. దాన్ని వదిలేసి నేను స్టూలుకి భయపడ్డాను. 2021 ఏప్రిల్‌లో అమెరికా గవర్నమెంటు ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళే చెప్పారు, వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే అంటుకునే ఛాన్సు మామూలుగా పదివేలల్లో ఒకటి కంటే తక్కువే అని. ఈ మాట మన దగ్గర పెద్దగా ఎవరికీ ఎక్కలేదు. ఆ తర్వాత కూడా మా అపార్టుమెంటు అక్క ఒకావిడ కూరగాయలు సర్ఫు నీళ్ళలో కడిగేది, నోట్లకి ఇస్త్రీ పెట్టేది, అదే మనిషి సాయంత్రం తలుపులన్నీ మూసి ఏసీ వేసి పదిమందితో పుట్టినరోజు చేసింది. సర్ఫు నీళ్ళ టమాటా తింటే కడుపు పాడవుతుంది తప్ప కరోనా ఆగుతుందా? ఇలాంటివి చెప్తే నీకేం తెలుసు అంటారు.

షాపుకి వెళ్ళకుండా ఆన్‌లైన్‌లో కొంటే సేఫ్ కదా అని కొందరు రాశారు. అక్కడి వైరస్ వేరే. పాపకి ఆన్‌లైన్ క్లాసులకని వాడిన ట్యాబ్ ఒకటి చూశా, అమ్మే అతను నేను ఆర్మీలో చేస్తా, ట్రాన్స్‌ఫర్ అయింది, అందుకే చవగ్గా ఇచ్చేస్తున్నా అన్నాడు, యూనిఫాంలో ఫోటో పంపించాడు. ముందు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, బుకింగ్ అవుతుంది, మీ డబ్బు మీకే తిరిగొస్తుంది అన్నాడు. మా తమ్ముడు పక్కన ఉండబట్టి ఆపాడు, లేకపోతే పోయేవి. మనకి డబ్బు రావాలంటే పిన్ కొట్టాల్సిన పని లేదండీ, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే, ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. మనిషి ఎదురుగా ఉండి, వస్తువు ముట్టుకుని, తొక్కి చూసుకునే పాత షాపు దీనికంటే వంద రెట్లు నయం. పాప పుస్తకాలు కూడా నేను లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లోనే కొన్నా, రోడ్డు పక్కన, బయట గాలిలో, అవసరమైనవి ఏరుకుని సగం ధరకి. స్కూలు వాళ్ళేమో క్లాసులు ఫోన్‌లో చెప్తూ కొత్త పుస్తకాల సెట్టు మా దగ్గరే కొనాలని మెసేజ్‌లు పెట్టేవాళ్ళు, ఆ గొడవ రాస్తే ఇంకో సమాధానం అవుతుంది.

మిషన్ బాగయ్యాక మాత్రం అది మా ఇంటిని నిలబెట్టింది. ముందు మామయ్యగారి పాత పంచెలతో మాస్కులు కుట్టా, మెత్తగా ఉంటాయని మెడికల్ షాపాయన వందలకొద్దీ అడిగి తీసుకున్నాడు. తర్వాత జాకెట్లు. దిద్దులు దసరాకి విడిపించుకున్నా. 2021 మే 5 నుంచి మళ్ళీ మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ పెట్టారు కదా, అప్పుడు పొద్దున ఆరింటికల్లా బట్టలు తీసుకుని పన్నెండు లోపు ఇచ్చేసేదాన్ని, మిగతా రోజంతా కుట్టుడే. వద్దన్న మా అత్తగారే పక్కన కూర్చుని కాజాలు కుట్టేవారు.

ఇంకొకటి చెప్పి ఆపుతా. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మునిగింది, మీరు టీవీల్లో చూసే ఉంటారు. మేం మేడ మీద ఉన్నాం కానీ సామానంతా కిందే. ఫ్రిజ్, వాషింగ్ మిషన్, టీవీ, వాయిదాలు కూడా తీరని కొత్తవి, అన్నీ బురదలో పోయాయి. కుట్టు మిషన్ కూడా రోజులకొద్దీ నీళ్ళలోనే ఉంది. స్టాండు మీద చెక్క బల్ల ఉబ్బి పగిలిపోయింది. ఇనుముని బాబాయ్ చెప్పినట్టే విప్పి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కిరసనాయిల్‌లో నానబెట్టి నూనె పెట్టా. తిరిగింది. ఈసారి బ్లీచింగ్ డబ్బా మా ఆయన చేతికి అందకుండా దాచేశా.

ఆ వరద తర్వాత వారాల్లోనే మునిగిన సామానంతా కడిగి రంగులేసి సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికొచ్చింది, మా కళ్ళముందే లారీల్లో ఎక్కించుకెళ్ళారు. అందుకని రోగాలున్నా లేకపోయినా మీరు పాతది కొనేటప్పుడు పరుపులు, దిండ్లు, హెల్మెట్లు వదిలేయండి, కరెంటు వస్తువైతే ప్లగ్గు పెట్టి పావుగంట ఆడించి చూడండి. జనం లేని టైం చూసుకుని పొద్దున్నే వెళ్ళండి, మాస్కు ముక్కు పైకి పెట్టుకోండి, వస్తువుని బయటికి తెమ్మని అడగండి, తెస్తారు. ఇంటికి తెచ్చాక సబ్బునీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి పొడిగుడ్డ పెడితే చాలు, శానిటైజర్ కూడా ఆ పాత పాలిష్‌ని తినేస్తుంది. కుట్టు మిషన్ అయితే సంచిలో మూరెడు గుడ్డ, ఒక ఎర్ర దారం, ఒక తెల్ల దారం పెట్టుకెళ్ళండి. పైన ఎర్రది, కింద తెల్లది ఎక్కించి, ఆ స్టూలు మీద కూర్చుని జానెడు కుట్టి గుడ్డ వెలుతుర్లో పట్టుకోండి. పైవైపు తెల్ల చుక్కలు కనబడుతుంటే బాబిన్ కేసు తీయించి దారంతో వేలాడదీయండి.