ఫ్యాక్టరీలో ఇల్లు, అప్పుతో కోర్సు

ప్రశ్న: మావాడు సివిల్ బీటెక్ ఆఖరి ఏడాది. ఎంటెక్ వద్దంటున్నాడు. గోడలు, స్లాబులు ఫ్యాక్టరీలో చేసి సైటులో బిగించే ‘డిజిటల్ ప్రీఫ్యాబ్’ కోర్సు చేస్తాడట. ఫీజు లక్షన్నర, అప్పు తేవాలి. మా మేనల్లుడు కంప్యూటర్స్ చదివి సెటిలయ్యాడు. ఎంటెక్, ఈ కోర్సు... ఏది మంచిదంటారు?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ బెంగ కోర్సు గురించి కాదండీ, ‘సివిల్‌లో చేర్పించి తప్పు చేశామా’ అని. చెయ్యలేదు. మేనల్లుడి సంగతి ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తుతున్నారో గానీ, కుర్రాడు ‘డిజిటల్’ అనే మాట వెంటపడటానికి సగం కారణం మీరే. ముందు అది ఆపండి.

పద్ధతి ఉత్తుత్తిది కాదు. చెన్నై పెరుంబాక్కంలో 1,152 ఇళ్లు ప్రీకాస్ట్‌తో, అంటే ముందే పోసి ఉంచిన కాంక్రీటు ముక్కలతో కట్టారు. (మన టిడ్కో ఇళ్లూ అవేనని చెబుతుంటారు. కాదు, అవి సైటులోనే పోసిన షేర్‌వాల్ (కాంక్రీటు గోడల) ఇళ్లు.) నా అనుమానమంతా దాని చుట్టూ జరిగే హడావుడి మీద. అమెరికాలో ఇలాగే ఫ్యాక్టరీలో ఇళ్ల భాగాలు చేసే కటెర్రా అనే కంపెనీ 2015లో మొదలై, సుమారు 200 కోట్ల డాలర్లు పోగేసి, 2021లో దివాలా తీసింది. ఆర్డర్లు వరసగా రాకపోతే ఫ్యాక్టరీ ఖర్చే మింగేస్తుంది. మన సందుల్లో రెండొందల గజాల అపార్ట్‌మెంటుకి ట్రైలరూ క్రేనూ ఎలా వెళ్తాయి? మేస్త్రీనీ సెంట్రింగ్‌నీ ఇప్పట్లో ఎవరూ కదపలేరు. ఈ పని కావాలంటే ఊరు దాటడానికి మీవాడు సిద్ధపడాలి.

ఇందులో అసలు విద్య జాయింటు, అంటే ముక్కకీ ముక్కకీ కలిపే చోటు. లండన్‌లో 1968లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్రీకాస్ట్ భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలితే ఒక మూల మొత్తం పేకమేడలా కూలింది. ప్యానెళ్ల కలయికలు బలహీనం. మనకు పైగా ఉప్పుగాలి. కలిపేచోట ఇనుము తుప్పు పట్టకుండా గ్రౌటింగ్ (సందులో పలచని సిమెంటు నింపడం), సీలింగ్ (నీరు దిగకుండా మూయడం) ఎలా చెయ్యాలో తెలిసినవాడికి విలువుంటుంది, కంప్యూటర్లో భవనం త్రీడీ బొమ్మ తిప్పేవాడికి కాదు.

ఆ బొమ్మల సాఫ్ట్‌వేర్ రెవిట్‌ను విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తోంది. కాలేజీలో ఉండగానే నేర్చుకోమనండి. ప్రీకాస్ట్ కోడ్ ఐఎస్ 15916 చదివి, ఒక ఏడాది సైటులో ఎండలో నిలబడమనండి. గేట్ పరీక్షతో స్ట్రక్చర్స్‌లో (నిర్మాణాల డిజైన్) సీటొస్తే ఎంటెక్ వదలొద్దు, స్టైపెండ్ కూడా వస్తుంది. రాకపోయినా కొంప మునగదు.

అప్పు మాత్రం తేకండి. అంతగా చేరతానంటే, జాయింటు డిజైన్ ఎన్ని వారాలు చెబుతారో, ఏ ప్రీకాస్ట్ యార్డుకు తీసుకెళ్తారో వాడినే వెళ్లి అడిగి, రాయించుకు రమ్మనండి.