సర్టిఫికెట్‌కు డబ్బు కట్టే ముందు గంటలు లెక్కపెట్టండి

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి మే నెలలో బయాలజీ డిగ్రీ పూర్తిచేసింది. ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టరుతో కలిసి పనిచేస్తూ రోగులను పరీక్షించి మందులు రాసే ఉద్యోగం) కోర్సు చదువుతానంటోంది. తను అనుకుంటున్న కళాశాలలు రోగులతో కనీసం వెయ్యి గంటలు పనిచేసిన అనుభవం అడుగుతున్నాయి. చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు. ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల మెడికల్ అసిస్టెంట్ (క్లినిక్‌లో డాక్టరుకు సాయపడే ఉద్యోగి) కోర్సుకు 3,800 డాలర్లు కట్టమంటోంది. పగలంతా తరగతులే. తన చదువుకోసం దాచిన 529 పొదుపు ఖాతాలోంచి తీసి కట్టమంటారా?

జవాబు: వద్దండి. నన్ను భయపెట్టింది ఫీజు కాదు, ఆ ఆరు నెలలు. వారానికి 40 గంటల చొప్పున 26 వారాలంటే 1,040 గంటలు. కళాశాలలు అడుగుతున్నది దాదాపు అంతే. గంటకు 16 డాలర్లే అనుకున్నా 16,640 డాలర్ల జీతం పోతుంది. పైగా కోర్సు ముగిశాక వెయ్యి గంటలు మళ్లీ మొదటినుంచి మొదలు.

టెక్సాస్‌లో మెడికల్ అసిస్టెంటుకు సర్టిఫికెట్ ఉండితీరాలన్న చట్టమేమీ లేదు. పెద్ద ఆసుపత్రులు అడగవచ్చు. చర్మం, కళ్లు, ఎముకల వైద్యుల చిన్న క్లినిక్‌లలో మాత్రం డిగ్రీ ఉన్న పిల్లలను తీసుకొని తామే పని నేర్పేవారు ఉంటారు. మన ఊళ్లలో కాంపౌండర్లు పని నేర్చుకున్నది ఇలాగే కదా! ఏడాదో రెండేళ్లో ఉండాలని షరతు పెడితే ఒప్పుకోమనండి, మీకు కావలసిందీ అదే. వేరే రాష్ట్రానికి వెళితే నిబంధనలు మారతాయి. కాలిఫోర్నియాలో ల్యాబుల్లో రక్తం తీసే ఫ్లెబాటమిస్టు పనికి లైసెన్సు కావాలి.

రెండో దారి నర్సింగ్ హోమ్, అంటే ఇక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రం. ఉద్యోగం ఇస్తామన్నాక నర్స్ ఎయిడ్ (నర్సుల కింద రోగుల బాగోగులు చూసే సహాయకురాలు) శిక్షణకు, పుస్తకాలకు ఆ సంస్థ పైసా వసూలు చేయకూడదని ఫెడరల్ నిబంధన. శిక్షణ పొందుతూనే నాలుగు నెలల వరకు పనిచేయవచ్చు. ఒళ్లు హూనమయ్యే పని, జీతమూ అంతంతే. కానీ ఆ గంటలను కాదనే కళాశాల అరుదు. వైద్యుడి పక్కన కూర్చుని వివరాలు టైపు చేసే స్క్రైబ్ పని అలా కాదు. కొన్ని కళాశాలలు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. చేరకముందే అడగండి.

(హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులూ ఇదే అడుగుతుంటారు. పని అనుమతి లేకుండా జీతం తీసుకునే ఉద్యోగం కుదరదు.)

529 డబ్బు ముట్టుకోవద్దు, అసలు చదువుకు అది కావాలి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ (పై చదువుల ఖర్చు మొత్తానికీ ఇచ్చే ఫెడరల్ రుణం) లేదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకు ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద 1,00,000 దాటదు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు సుమారు 27 నెలలు, ఆ కాలంలో ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. అందుకే ఇప్పటి జీతంలో సగమైనా పొదుపు ఖాతాలో వేయించండి. రెండేళ్లలో కావలసిన డబ్బు, షేర్లలో పెట్టవద్దు. 26 ఏళ్లు నిండేవరకు మీ ఆరోగ్య బీమాలోనే ఉండవచ్చు కాబట్టి ఆ ఖర్చు లేదు.

చేరిన రోజునుంచే తేదీ, గంటలు, చేసిన పని, పర్యవేక్షకుల పేరు, ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఫిజీషియన్ అసిస్టెంట్ కళాశాలల ఉమ్మడి దరఖాస్తు అయిన క్యాస్పాలో ఇవన్నీ నింపాలి. రెండేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం ఎవరి వల్లా కాదు.