వాన పడలేదు, టెంటు లోపల తడి ఎక్కడిది?

ఈసారి ఉత్తరాలన్నీ టెంటు క్యాంపింగ్ మీదే. చాలామంది తప్పంతా టెంటుదే అంటున్నారు. చదివితే మాత్రం ఎక్కువసార్లు దోషం వేసిన చోటుదో, కట్టిన తీరుదో.

ప్రశ్న: సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా తెల్లారేసరికి టెంటు లోపలంతా నీటి బొట్లు, స్లీపింగ్ బ్యాగుల కాళ్లవైపు చెమ్మ. టెంటు కొత్తదే. వాటర్‌ప్రూఫ్ పూత పోయిందా?

జవాబు: పూత బాగానే ఉంది. ఆ నీళ్లు గుడ్డలోంచి కారలేదు, మీ ఊపిరిలోంచి, గాలిలోని తేమలోంచి వచ్చాయి. మబ్బు లేని రాత్రి పైగుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. లోపలి తేమగాలి దానికి తగలగానే చల్లటి గ్లాసు మీద పట్టినట్టు బొట్లు పడతాయి. సరస్సు పక్కన గాలిలోనే తేమ ఎక్కువ. పైగా ఒడ్డు సాధారణంగా పల్లం కాబట్టి రాత్రి చల్లగాలి జారి వచ్చి అక్కడే నిలుస్తుంది. రెండూ కలిశాయి.

కారడమో చెమ్మో తేల్చుకోవడం తేలికే. బొట్లు పైగుడ్డ లోపలివైపు అంతటా సమంగా ఉంటే చెమ్మ. కుట్ల వెంట గీతలా, లేదా ఒకే చోట మరకలా ఉంటే కారుతున్నట్టు.

తగ్గించాలంటే నీటి ఒడ్డు నుంచి కనీసం 60 మీటర్లు వెనక్కి, కాస్త మెట్టలో, కొమ్మల కింద వేయండి. చెట్టు నీడ రాత్రి కూడా పనిచేస్తుంది, గుడ్డ వేడి ఆకాశానికి పోకుండా అడ్డుపడుతుంది. పైన ఉండే గాలి కిటికీలు చలి అని మూయకండి. కింద ఒకటి, పైన ఒకటి తెరిస్తేనే గాలి ఆడుతుంది. పైగుడ్డను లోపలి గుడ్డకు తగలకుండా బిగించి లాగండి, రెండింటి మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. తడి బట్టలు, బూట్లు లోపల ఆరేయకండి. బ్యాగుల కాళ్లవైపు తడి పట్టడానికి కారణం వేరు, అవి గోడను తోస్తున్నాయి. తలవైపు 15 సెంటీమీటర్లు పైకి జరిగి పడుకోండి. పొద్దున లేవగానే, గుడ్డ కదిలి బొట్లు మీద రాలకముందే, ఒక పొడిగుడ్డతో తుడిచేయండి. ఒకే పొర ఉన్న టెంటైతే ఇవన్నీ చేసినా కొంత తడి తప్పదు.

ప్రశ్న: వానలో టెంటు అడుగు నుంచి నీళ్లు వచ్చాయి. ముందు జాగ్రత్తగా కింద పెద్ద టార్పాలిన్ పరిచాం కూడా.

జవాబు: ఆ టార్పాలినే నీళ్లు తెచ్చింది. టెంటు అడుగు దాటి బయటికి ఉన్న అంచు మీద పడిన వాన, గోడల మీంచి జారిన వాన అంతా దాని మీదుగా లోపలికి పోయి, రెండు పొరల మధ్య మడుగు కడుతుంది. మీరు మోకాలు ఆనించినా, మోచేయి మోపినా ఒత్తిడికి ఆ నీరు గుడ్డలోంచి ఊరుతుంది. అడుగు పట్టా టెంటు అడుగుకంటే ప్రతి వైపునా 5 సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. కోసేయడం ఇష్టం లేకపోతే అంచులు కిందికి మడవండి. పైకి మడిస్తే మళ్లీ తొట్టే.

టెంటు కొనేటప్పుడు రాసి ఉండే నీటి ఒత్తిడి అంకెను, అంటే ఎంత ఎత్తు నీటిని గుడ్డ ఆపగలదో చెప్పే అంకెను కూడా చూడండి. పైగుడ్డకు 1500 మిల్లీమీటర్లు సరిపోతుంది, అడుక్కు 3000 నుంచి 5000 ఉంటే నిశ్చింత. తేడా ఎందుకంటే వాన గుడ్డ మీద పడి జారిపోతుంది, అడుగును మాత్రం మీ బరువు నొక్కుతూ ఉంటుంది.

ఇక చోటు. ఎక్కువగా వాడే సైట్లలో ఏళ్ల తరబడి టెంట్లు వేసిన చోటు తొక్కిడికి గట్టిపడి, మధ్యలో పళ్లెంలా గుంటపడి ఉంటుంది. కంటికి చదునుగానే కనిపిస్తుంది. ఒక సీసా నీళ్లు మధ్యలో పోసి చూడండి. నీళ్లు బయటికి పారితే మంచిదే, అక్కడే నిలిస్తే ఓ రెండు మీటర్లు జరగండి. సన్నని ఒండ్రు ఎండి పెచ్చులు లేచి ఉన్నా, ఎండాకులు వరసగా గీత కట్టి ఉన్నా నీళ్లు అటుగా నడిచాయనే లెక్క. చుట్టూ కాలువ తవ్వడం పాత పద్ధతి. చాలా క్యాంప్‌గ్రౌండ్‌లలో ఒప్పుకోరు, తవ్వితే మట్టి కోసుకుపోవడం తప్ప లాభమూ తక్కువే.

ప్రశ్న: టెంటు తాళ్లను నేలకు బిగించే పెగ్గులు 45 డిగ్రీల వాలుతో కొట్టాలంటారు. అలాగే కొట్టినా గాలికి ఊడొచ్చాయి. ఒకచోట కంకర, ఒకచోట ఇసుక, మరోచోట చెక్క వేదిక. ఎక్కడ ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 45 డిగ్రీల సంగతి. 20 సెంటీమీటర్ల పెగ్గును 45 డిగ్రీలు వాల్చి కొడితే దాని మొన దిగేది 14 సెంటీమీటర్ల లోతుకే. పైమట్టి వదులుగా ఉంటుంది, పట్టు లోతులో ఉంటుంది. కాబట్టి దాదాపు నిటారుగా, తల టెంటుకు అవతలివైపు కొద్దిగా ఒరిగేలా కొట్టి, తల నేలకు ఆనేదాకా దించండి. తల పైకి తేలి తాడు దానికి నడుమ కట్టుకుని ఉంటే గాలి ఊపినప్పుడల్లా పెగ్గు చుట్టూ రంధ్రం పెద్దదవుతుంది. మీవి ఊడింది బహుశా అలాగే.

కంకర పరిచిన సైటుకు టెంటుతో వచ్చే సన్నటి అల్యూమినియం పెగ్గులు పనికిరావు, వంగిపోతాయి. 20–25 సెంటీమీటర్ల ఇనుప మేకులు తీసుకెళ్లండి. తాడు ఉచ్చు తలమీంచి జారకుండా ఒక్కో మేకుకు ఒక వాషరు తొడగండి. రాయి తగిలితే మొండిగా బాదకుండా పీకి, తాడు లాగే గీత మీదనే రెండు మూడు సెంటీమీటర్లు జరిపి మళ్లీ కొట్టండి. గీత తప్పిస్తే పైగుడ్డ ముడతలు పడుతుంది. తీసేటప్పుడు మరో మేకును కొక్కెంలా తగిలించి తిప్పుతూ లాగండి. టెంటు ఉచ్చు పట్టుకుని లాగితే కుట్లు చిరుగుతాయి.

ఇసుకలో మామూలు పెగ్గు నిలవదు. ఒక గుడ్డసంచి నిండా ఇసుక పోసి, మూతికట్టి, తాడు దాని నడుముకు కట్టండి. 30 సెంటీమీటర్ల గొయ్యిలో పాతి, తాడు బయటికి వచ్చే దారిని కూడా టెంటువైపు వాలుగా చీల్చండి. లేకపోతే తాడు సంచిని పైకి లాగుతుంది. మీద ఇసుక పోసి తొక్కి, కాసిని నీళ్లు చల్లండి. తడి ఇసుక పట్టు బాగుంటుంది. సంచి లేకపోతే జానెడు కర్రను అడ్డంగా పాతినా చాలు.

చెక్క వేదిక మీద మేకులు కొట్టకూడదు. పలకల సందులోంచి తాడు చివర కట్టిన చిన్న కర్రముక్కను నిలువుగా దూర్చి, కింద అడ్డం తిప్పి బిగించండి. అక్కడికి దానంతటదే నిలబడే గుమ్మటం టెంటు తీసుకెళ్లండి, పెగ్గుల మీదే ఆధారపడే సొరంగం టెంటుతో అవస్థే. వేదిక కొలత ముందే కనుక్కుని, టెంటు అడుగు కొలతతో కాక ముందు వసారా కూడా కలిపిన కొలతతో పోల్చుకోండి.

బండ మీదైతే తాడును చిన్న రాయికి చుట్టి, దానికి టెంటువైపు తాడు మీద పెద్ద రాయి పెట్టండి. తాడు లాగిన కొద్దీ చిన్నరాయి పెద్దదాన్ని గుద్దుకుని ఆగుతుంది. రాయి అంచు పదునుగా ఉంటే కింద గుడ్డపేలిక వేయకపోతే తాడు తెగుతుంది.

అన్నట్టు, నైలాన్ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన టెంటు అర్ధరాత్రి వానలో వేలాడి టపటపా కొట్టుకునేది అందుకే. పడుకునే ముందొకసారి, వాన మొదలయ్యాక మరోసారి తాళ్లు బిగించండి. పాలిస్టర్‌కు ఈ బాధ తక్కువ.

ప్రశ్న: నలుగురి టెంటులో మేం నలుగురం ఇరుక్కుపోయాం. మోసమా?

జవాబు: కాదు, లెక్క అంతే. ఒక్కొక్కరికి 50–60 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున, సామాను లేకుండా, పక్కపక్కనే పడుకుంటే నలుగురు. మనిషికి, సంచికి కలిపి చోటు కావాలంటే ఉన్నవారికి ఇద్దరిని కలిపి కొనండి.

ప్రశ్న: మందపాటి గాలి పరుపు, మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉన్నా వీపు గడ్డకట్టినంత చలి. పైనేమో చెమట.

జవాబు: పరుపు మందం చూసి మోసపోకండి. లోపల దూదిగానీ, రేకు పొరగానీ లేని గాలి పరుపులో గాలి తిరుగుతూనే ఉంటుంది, ఒంటి వేడిని మోసుకెళ్లి నేలకు ఇచ్చేస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ కూడా వీపు కింద నలిగిపోయి పల్చబడుతుంది కాబట్టి అటువైపు పెద్దగా కాపాడదు. కింద చలిని ఆపేది ప్యాడ్ ఒక్కటే. దాని ఆర్ వాల్యూ, అంటే వేడి నేలకు పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె, చూసి కొనండి. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణ పరీక్ష పద్ధతిలో కొలిచిన అంకెలైతే ఒక కంపెనీకి ఇంకో కంపెనీకి పోల్చుకోవచ్చు. ఎండాకాలపు రాత్రులకు 2 దాకా చాలు, 10 డిగ్రీలకు కిందికి వెళితే 3–4, నీళ్లు గడ్డకట్టే చలికి 5 పైన. ఈ అంకెలు కూడుకుంటాయి. 2 ఉన్న ఫోమ్ చాపను 2 ఉన్న ప్యాడ్‌తో కలిపి వేస్తే 4. పరుపు మార్చే ఉద్దేశం లేకపోతే దానిమీద ఓ ఫోమ్ చాప పరవండి, మొదటి రాత్రే తేడా తెలుస్తుంది.

బ్యాగ్ మీద ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రెండు మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ‘కంఫర్ట్’ అన్నదే మీది. ‘లిమిట్’ ముడుచుకుని పడుకుంటే గడిచేది. ‘ఎక్స్‌ట్రీమ్’ ప్రాణం నిలవడానికే, నిద్రకు కాదు. ఇంకొకటి, కొండ మీది సైటుకు వెళుతూ కింద ఊరి వాతావరణం చూసుకోకండి. వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

ప్రశ్న: చలికి నిప్పుల కుంపటి, లేదా చిన్న గ్యాస్ స్టవ్ టెంటులో పెట్టుకోవచ్చా? కిటికీ తెరిచే ఉంచుతాం.

జవాబు: వద్దు. కిటికీ తెరిచినా వద్దు. మంట ఆరి ఎర్రగా కనబడే బొగ్గులే ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి వాసన ఉండదు, తలనొప్పి, వికారం, మత్తు వచ్చేసరికి లేచి బయటికి పోయే ఓపిక ఉండదు. చల్లారిందనుకున్న బార్బెక్యూ పళ్లేన్ని వసారాలోకి తెచ్చి పెట్టడం కూడా ఇదే ప్రమాదం. వెచ్చదనానికి వేడినీళ్లు పోసిన సీసా చాలు. మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసి, సాక్సులో దూర్చి బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: బుక్ చేసేటప్పుడు మ్యాపులో ఏ సైటు ఎంచుకోవాలి?

జవాబు: మరుగుదొడ్డికి ఎదురుగా ఉన్నది అస్సలు వద్దు, రాత్రంతా లైటు, తలుపు చప్పుడు. మరీ దూరమూ వద్దు, రెండు మూడు సైట్ల అవతల బాగుంటుంది. దారి మలుపు బయటివైపు ఉన్న సైట్లలో వచ్చే ప్రతి కారు లైట్లూ టెంటు మీదే పడతాయి. కుళాయి పక్కన నేల ఎప్పుడూ బురద. జనరేటర్లు నడిచే పెద్ద వాహనాల వరసకు దూరంగా తీసుకోండి. వేసవిలో తూర్పున చెట్లు ఉంటే ఎండ ఆలస్యంగా తగిలి కాసేపు ఎక్కువ పడుకోవచ్చు. చలికాలంలో అదే తూర్పు ఖాళీగా ఉండాలి, టెంటు త్వరగా ఆరుతుంది.

చేరాక టెంటు విప్పే ముందు రెండు పనులు. తలెత్తి చూడండి, ఎండిన కొమ్మగానీ, విరిగి వేలాడే కొమ్మగానీ ఉంటే దాని కింద వేయకండి. తర్వాత అడుగు పట్టా పరిచి దాని మీద పడుకుని చూడండి. ఎటు వాలు ఉందో ఒంటికి తెలిసిపోతుంది. తల మెట్టవైపు ఉండాలి. అడ్డంగా వాలు ఉంటే ఒకరి మీదకు ఒకరు దొర్లుతూనే ఉంటారు.

ప్రశ్న: ఉరుములొస్తే టెంటులోనే ఉండాలా?

జవాబు: టెంటు పిడుగు నుంచి కాపాడదు. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు, అంతకు తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే. పైకప్పు లోహంతో ఉన్న కారులోకి గానీ, పక్కా భవనంలోకి గానీ వెళ్లండి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి.

ప్రశ్న: నిరుడు తడిగానే చుట్టి పెట్టిన టెంటు ఇప్పుడు విప్పితే లోపల జిగురుగా, పులిసిన వాసన. ఉతికితే పోతుందా?

జవాబు: నల్లటి చుక్కలుంటే బూజు. జిగురు, పులిసిన కంపు అయితే నీళ్లు దిగకుండా వేసిన పాలీయురేథేన్ పూత తేమకు విరిగిపోతోందని. ఉతుకుతో అది పోదు. పాతది మొత్తం గీకి కొత్త పూత వేయొచ్చు గానీ, పైగుడ్డ మీద ఆ శ్రమకు తగ్గ ఫలితం ఉండదు. అడుగు ఒక్కటే చెడితే ప్రయత్నించవచ్చు.

కొత్తదానికైనా ఇవి పాటించండి. వానలో మడవక తప్పకపోతే తడి పైగుడ్డను వేరే సంచిలో వేసి, ఒకటి రెండు రోజుల్లో నీడలో ఆరేయండి. ఎండలో రోజులు వదిలేస్తే గుడ్డ నీరసిస్తుంది. మట్టిని చల్లనీళ్లు, స్పాంజితో తుడవండి, వాషింగ్ మెషిన్ పూతను చీల్చేస్తుంది. కుట్లు ఆరాయో లేదో వేలితో తడిమి చూడండి, గుడ్డ ఆరిన చాలాసేపటికి గానీ అవి ఆరవు. బిగుతు సంచిలో కాక వదులు నూలు సంచిలో దాచండి. పోల్స్‌ను చివరి నుంచి కాక మధ్య నుంచి మడుస్తూ రండి, లోపలి సాగే తాడు మీద లాగుడు రెండువైపులా సమంగా పడుతుంది.