చలికాలంలో కారు మైలేజీ పడిపోతే

నోవై, మిషిగన్

చిరంజీవి సింధూకు,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. సెప్టెంబరులో గ్యాలనుకు 29 మైళ్లు ఇచ్చిన కారు ఇప్పుడు 22కు పడిపోయిందని, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేయించాలని మెకానిక్ అంటున్నాడని రాశావు. ఆ డబ్బు ఇప్పుడే పెట్టకు. నీ లెక్క చూస్తే కారుకు జబ్బేమీ ఉన్నట్టు లేదు. ఆఫీసు నాలుగు మైళ్ల దూరంలో ఉన్నవాళ్ల కారు మీ మినియాపొలిస్ జనవరిలో అంతే ఇస్తుంది.

అమెరికా ఇంధన శాఖ చెప్పే అంకెలు ఇవి: 25 డిగ్రీల సెల్సియస్ వాతావరణంతో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల్లో, ఊళ్లో తిరిగే పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. మూడు నాలుగు మైళ్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా తగ్గవచ్చు. 29లోంచి 24 శాతం తీసేసి చూడు. నీ 22 అక్కడే తేలుతుంది.

ఇంజన్ల పరీక్షశాలలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే. కారును రాత్రంతా చల్లటి గదిలో ఉంచి, మర్నాడు రోలర్ల మీద నడుపుతూ, వెనక గొట్టంలోంచి వచ్చే పొగను సంచుల్లో పట్టేవాళ్లం. ఆ పొగలో ఎంత కార్బన్ ఉందో కొలిస్తే ఎంత పెట్రోలు కాలిందో తెలుస్తుంది. మొదటి సంచి నిండేసరికి బండి మూడున్నర మైళ్లు నడిచి ఉంటుంది. తర్వాత రెండో సంచి. ఆపైన ఇంజన్‌ను పది నిమిషాలు ఆపి, మొదటి మూడున్నర మైళ్లనే మళ్లీ అదే వేగాలతో నడిపి మూడో సంచి పడతారు. ఒకటో సంచికీ మూడో సంచికీ తేడా ఒక్కటే, ఇంజన్ వేడి. ఒకటో సంచిలో పెట్రోలు ఖర్చు ఎప్పుడూ ఎక్కువే. గది ఎంత చల్లగా ఉంటే ఆ తేడా అంత పెరుగుతుంది. నీ ఆఫీసు దూరం దాదాపు ఆ మొదటి సంచి దూరమే కదా. పొద్దున ఒక మొదటి సంచి, సాయంత్రం పార్కింగులో గడ్డకట్టిన కారుతో ఇంకో మొదటి సంచి. రెండో సంచి, మూడో సంచి నీ కారుకు దక్కడమే లేదు.

ఆ మొదటి మైళ్లలో లోపల జరిగేది కూడా తెలుసుకో. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిసినప్పుడే మండుతుంది. గడ్డకట్టే చలిలో ఇంజెక్టర్ చిమ్మిన పెట్రోలులో కొంతే ఆవిరవుతుంది, మిగిలింది చల్లటి గోడలకు అంటుకుంటుంది. అందుకని కారులోని కంప్యూటర్ కావాలనే ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. మరోపక్క ఇంజన్ ఆయిల్, గేరుబాక్సు ఆయిల్ ఆముదంలా చిక్కబడి ఉంటాయి. వాటిని కలియదిప్పడానికే ఇంజన్ శక్తి కొంత పోతుంది. పొగను శుద్ధి చేసే కన్వర్టర్ వేడెక్కితేగాని పనిచేయదు కాబట్టి, స్టార్ట్ చేయగానే ఇంజన్ కాసేపు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మొదటి నిమిషంలో నీకు వినిపించే ఆ హోరు అదే, భయపడకు. విజయవాడలో మీ నాన్న కారుకు ఈ అవస్థ లేదు. అక్కడ జనవరి తెల్లవారుజామున కూడా ఇంజన్ పద్దెనిమిది, ఇరవై డిగ్రీల దగ్గర మొదలవుతుంది.

మిగతా కారణాలు చిన్నవి, కానీ అన్నీ కలిసి వస్తాయి. మైనస్ 7 దగ్గర గాలి 25 డిగ్రీల గాలికంటే సుమారు 12 శాతం దట్టంగా ఉంటుంది, హైవే మీద దాన్ని చీల్చుకుంటూ పోవాలి. చలికాలంలో బంకుల్లో పోసే పెట్రోలు కూడా వేరు. చలిలో తేలిగ్గా ఆవిరై మండడానికి అందులో బ్యూటేన్ ఎక్కువ కలుపుతారు, దానివల్ల గ్యాలనుకు వచ్చే శక్తి ఒకటి రెండు శాతం తగ్గుతుంది. సీటు హీటరు, అద్దాల హీటరు, చలికి నీరసించిన బ్యాటరీని మళ్లీ నింపడం, వీటన్నిటి కరెంటూ ఆ పెట్రోలులోంచే రావాలి.

ఇక నువ్వు చేయాల్సిన పనులు. పొద్దున పది పదిహేను నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వదిలేస్తున్నానని రాశావు, ముందు అది మానెయ్యి. పాత కార్బ్యురేటర్ బండ్లకు ఆ అవసరం ఉండేది, నీ కారుకు లేదు. నిలబడి తిరిగే ఇంజన్ గంటకు పావు నుంచి అర గ్యాలను దాకా తాగుతుంది, అంతా చేసి వేడెక్కడమూ నెమ్మదే. స్టార్ట్ చేసి, ముప్పై సెకన్లు ఆగి, బయలుదేరు. మొదటి ఐదారు నిమిషాలు యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచు. నడిచే ఇంజనే త్వరగా వేడెక్కుతుంది. అద్దాల మీద మంచు ఉంటే మాత్రం ఈ తొందర వద్దు. పూర్తిగా గీకేసి, నాలుగు వైపులా కనిపించాకే కదులు. పెట్రోలు మిగలడంకంటే అది ముఖ్యం. కారు పైకప్పు మీది మంచును కూడా దులిపెయ్యి, అది బరువే కాక వెనకవాళ్ల అద్దం మీద పడుతుంది.

రెండోది టైర్లు. పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు 35 కొట్టించిన టైరు, మీ ఊళ్లో సున్నా ఫారెన్‌హీట్ పొద్దున 28 చూపిస్తుంది. టైరులో గాలి తగ్గిందని చెప్పే దీపం డాష్‌బోర్డులో వెలగలేదు కదా అనుకోకు. కంపెనీ చెప్పిన ఒత్తిడికంటే 25 శాతం తగ్గితేగాని ఆ దీపం వెలగాలన్న నియమం లేదు. అంటే 35కు బదులు 27 దాకా దిగినా అది నోరు మెదపకపోవచ్చు. పది డాలర్లు పెట్టి ఒక గేజి కొనుక్కో. డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, అందులోని అంకె చూడు. టైరు గోడ మీద రాసి ఉన్నది గరిష్ఠ ఒత్తిడి, దాన్ని పట్టుకోకు. రాత్రంతా బయట ఉన్న కారు కదలకముందే కొలిచి, ఆ స్టిక్కర్ అంకెకు గాలి పట్టించు. నెలకోసారి చాలు.

ప్రయాణాలను కలిపెయ్యడం మూడోది, నిజంగా పెట్రోలు మిగిల్చేది ఇదే. కూరగాయలకు ఒకసారి, మందులకు ఒకసారి, జిమ్‌కు ఒకసారి వేరువేరుగా బయలుదేరితే అన్నీ మొదటి సంచులే. శనివారం మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్లే రోజునే మిగతా పనులూ పెట్టుకో. ముందు అన్నిటికంటే దూరమైన చోటికి వెళ్లు, ఇంజన్ పూర్తిగా వేడెక్కుతుంది. తర్వాత ఒక్కో దుకాణం చూసుకుంటూ ఇంటివైపు రా. మధ్యలో అరగంట ఆపినా ఇంజన్ పూర్తిగా చల్లారదు.

నీ కారు అక్కడే కొన్న పాత కారు కాబట్టి ముందు గ్రిల్ దగ్గర ఒక ప్లగ్గు వేలాడుతోందేమో చూడు. ఉంటే అది ఇంజన్ హీటరుది. రాత్రంతా పెట్టి ఉంచనక్కర్లేదు. టైమర్ పెట్టి, బయలుదేరే ముందు రెండు గంటలు వేడిచేస్తే చాలు. ఆయిల్ మార్పించేటప్పుడు కారు పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించు. 0డబ్ల్యూ-20 అని ఉంటే, పలచటి ఆయిల్ అయినా, అదే. దాని బదులు చిక్కటి ఆయిల్ మంచిదని ఎవరన్నా వినకు.

నిజంగా లోపం ఉందో లేదో తేల్చుకోవడానికి మెకానిక్ కంటే ముందు నువ్వే చూడదగ్గది ఉష్ణోగ్రత ముల్లు. హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు నడిపాక అది మధ్యకు వచ్చి నిలబడాలి, హీటరు గాలి బాగా వేడిగా రావాలి. ముల్లు కిందే ఉండి, గాలి గోరువెచ్చగా వస్తుంటే ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కు నీళ్లు పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు ఇంజన్ ఎంత నడిచినా పూర్తిగా వేడెక్కదు, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగానే చిమ్మిస్తూ ఉంటుంది. అది చవకైన భాగం, వెంటనే మార్పించు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వదలకు, షట్టర్ ఎత్తి ఉన్నా సరే. చల్లటి ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి వాసన ఉండదు, పక్క గదిలో పడుకున్నవాళ్లకూ తెలియదు. స్టార్ట్ చేసిన వెంటనే కారు బయటికి తీసెయ్యి. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ఈరోజే చూడు.

ఆదివారం టైర్లు కొలిచి నాలుగు అంకెలూ, హైవే మీద ముల్లు ఎక్కడ నిలిచిందో నాకు రాయి. అవి సరిగా ఉంటే ఏప్రిల్ దాకా కారు జోలికి వెళ్లకు. మంచు కరిగాక కూడా మైలేజీ 27 దాటకపోతే అప్పుడు ఇంజెక్టర్ల సంగతి చూద్దాం.

నీ
పెదనాన్న